ఎంత దూరమో సరే, ఎలా కొలిచారు?

హోస్ట్: నమస్కారం. నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం 1985లో మొదలైంది. మన హైదరాబాద్ పిల్లల్లో చాలామందికి ఆకాశం గురించి మొదటి పాఠం అక్కడే. విశ్వం గురించి జనానికి చెప్పేవాళ్ల మీద ఈ ఎపిసోడ్. నాతో ఒక రిటైర్డ్ ఫిజిక్స్ టీచర్ ఉన్నారు. మేడమ్, బాగా చెప్పేవాళ్లని మీరెలా గుర్తుపడతారు?

టీచర్: ఒకటే చూస్తాను బాబూ. ఆ సంగతి మనకెలా తెలిసిందో చెబుతున్నారా, లేదా? సిరియస్ అనే నక్షత్రం 8.6 కాంతి సంవత్సరాల దూరంలో ఉందంటే పిల్లలు "అబ్బో" అంటారు, ఇంటికెళ్లేలోపు మర్చిపోతారు. ఒకడు లేచి "టేపు పెట్టి కొలిచారా టీచర్?" అంటాడు చూడండి, పాఠం అప్పుడు మొదలవుతుంది.

హోస్ట్: వాడికి ఏం చెబుతారు?

టీచర్: చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టమంటాను. ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూస్తే, వెనకున్న బోర్డు మీద వేలు పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. భూమి కూడా ఆరు నెలల్లో సూర్యుడికి ఇవతలి నుంచి అవతలికి వెళ్తుంది. మధ్య దూరం దాదాపు 30 కోట్ల కిలోమీటర్లు. ఆ రెండు చోట్ల నుంచి ఫొటోలు తీస్తే దగ్గరి నక్షత్రం దూరపు నక్షత్రాల ముందు రవ్వంత జరుగుతుంది. ఆ కోణం తెలిస్తే దూరం లెక్క కట్టొచ్చు. పదో తరగతి ట్రిగనామెట్రీ చాలు!

హోస్ట్: నక్షత్రాల కొలతల్లో మన ఊరికీ వాటా ఉందంటారు.

టీచర్: పెద్ద వాటానే. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకి మారింది. అప్పట్లో ఎన్నో దేశాల అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పంచుకుని, ఫొటోలు తీసి, నక్షత్రాల జాబితా తయారుచేశాయి. ఒక భాగం హైదరాబాద్‌కి వచ్చింది. గాజు పలకల మీద ఫొటోలు, ఒక్కో చుక్క ఎక్కడుందో మనుషులే కూర్చుని కొలవడం. ఏళ్ల తరబడి చేశారు. 2000లో వచ్చిన టైకో-2 అనే నక్షత్రాల జాబితాకి ఉపగ్రహం కొలతలను ఆ పాత కొలతలతో పోల్చి, ఏ నక్షత్రం ఎంత కదిలిందో తేల్చారు. బేగంపేటలో రాసిన అంకెలు అంతకాలం తర్వాత పనికొచ్చాయి! ఈ సంగతి మన బడుల్లో చెప్పరు, నాకు చాలా బాధ. ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు పెరిగింది కూడా ఆ అబ్జర్వేటరీ నీడలోనే, వాళ్ల నాన్నగారు అక్కడ పనిచేసేవారు. 1949లో బప్పు మరికొందరితో కలిసి కనిపెట్టిన ఒక తోకచుక్కకి ఆయన పేరు ఉంది.

హోస్ట్: జనానికి చెప్పినవాళ్లలో మీకు ఎవరంటే ఇష్టం?

టీచర్: జయంత్ నార్లీకర్. 2025 మేలో ఆయన పోయారని తెలిసి చాలా దిగులుపడ్డాను. అంత పెద్ద శాస్త్రవేత్త అయ్యుండి మరాఠీలో కథలు రాశారు. ఆయన జాతకాల మీద పెట్టిన పరీక్ష తెలుసా?

హోస్ట్: చెప్పండి.

టీచర్: 2008లో, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్ గారితో కలిసి చేశారు. చదువులో ముందున్న పిల్లల జాతకాలు 100, మానసిక వైకల్యం ఉన్న పిల్లలవి 100 సేకరించారు. ఒక్కో జ్యోతిష్కుడికి 40 పంపి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. 27 మంది జవాబులు పంపారు. సరైనవి 46 శాతం. నాణెం ఎగరేసి చెప్పినా సగం కలుస్తాయి! ఎవరినీ తిట్టకుండా, లెక్క జనం ముందు పెట్టారు. ఇంట్లో ముహూర్తాల గురించి వాదన వచ్చినప్పుడల్లా నేను ఇదే చెబుతాను.

హోస్ట్: ఇప్పుడు వస్తున్న వీడియోలు?

టీచర్: కొన్ని చాలా బాగున్నాయి. కానీ గీసిన బొమ్మని చూపించి "బ్లాక్‌హోల్ ఫొటో" అంటే ఒప్పుకోను. 2019 ఏప్రిల్‌లో విడుదలైన, ఎం87 గెలాక్సీ మధ్యలోని బ్లాక్‌హోల్ చిత్రం ఉంది కదా, అది 8 రేడియో టెలిస్కోపుల డేటా కలిపి తయారుచేసింది. ఆ నారింజ రంగు శాస్త్రవేత్తలు ఎంచుకున్నదే. ఆ ముక్క చెప్పడానికి నిమిషం చాలు. మహీధర నళినీమోహన్, నండూరి రామమోహనరావు లాంటివాళ్లు ఇంటర్నెట్ లేని రోజుల్లోనే తెలుగులో ఎంతో ఓపికగా చెప్పారు.

హోస్ట్: ఈ వెలుతురులో సిటీ పిల్లలు ఏం చూడగలరు మేడమ్?

టీచర్: గురుగ్రహం కనిపించే రోజుల్లో మామూలు బైనాక్యులర్స్‌తో చూస్తే పక్కన చిన్న చుక్కలు కనిపిస్తాయి. వరుసగా నాలుగు రాత్రులు వాటిని కాగితం మీద గీయమనండి. రోజూ చోటు మారుస్తాయి, కానీ గురుగ్రహాన్ని వదిలిపోవు. అవి దాని చంద్రులని 1610లో గెలీలియోకి తెలిసింది అలాగే. బైనాక్యులర్స్ మాత్రం పిట్టగోడకి ఆనించి పట్టుకోవాలి, చెయ్యి కదిలితే చుక్కలు దొరకవు.