భూమిని ఎవరూ తిప్పడం లేదు

అందరికీ నమస్కారం.

ఇందాక నేను మైకు అందుకోబోతుంటే కరెంటు పోయింది కదా. మీలో చాలామంది తలెత్తి ఫ్యాన్ల వైపు చూశారు. నేనూ చూశాను. అవి వెంటనే ఆగలేదు. కాసేపు మామూలుగానే తిరిగి, తర్వాత రెక్కలు విడివిడిగా లెక్కపెట్టేంత నెమ్మదించి, ఆఖరి చుట్టు బరువుగా తిరిగి నిలబడ్డాయి. ఈలోగా జనరేటర్ వేశారు. ఈ సాయంత్రం నేను చెప్పాలనుకున్నదంతా ఆ అర నిమిషంలోనే ఉంది. కరెంటు లేకపోయినా ఫ్యాన్ ఆ కాసేపు ఎందుకు తిరిగింది? తిరుగుతున్నది ఎందుకు ఆగింది?

పోయిన నెల ఒక స్కూల్లో తొమ్మిదో తరగతి పాప లేచి అడిగింది. "సార్, భూమిని ఎవరు తిప్పుతున్నారు? ఇన్నేళ్లుగా తిరుగుతుంటే దానికి శక్తి అయిపోదా?" చుట్టూ పిల్లలు నవ్వారు. ఆ ప్రశ్నకు నవ్వకూడదు. పెద్ద పెద్ద తత్వవేత్తలే శతాబ్దాల పాటు దాని దగ్గర ఆగిపోయారు. ఎద్దులు ఆగితే బండి ఆగుతుంది, తెడ్డు ఆపితే పడవ ఆగుతుంది. రోజూ కళ్లారా చూసేది ఇదే కాబట్టి, కదిలే ప్రతిదాన్నీ ఎవరో ఒకరు తోస్తూ ఉండాలని అనుకోవడం సహజం.

కానీ కుమ్మరి సారె దగ్గర పది నిమిషాలు కూర్చుంటే ఆ అనుమానం కొంత తీరుతుంది. చిన్నప్పుడు మా వీధి చివర సారె ఉండేది. బరువైన చక్రం. ఆయన దాని అంచున ఉన్న గుంటలో కర్ర పెట్టి నాలుగైదు సార్లు గట్టిగా తిప్పేవాడు. తర్వాత కర్ర పక్కన పడేసి, చేతులు తడుపుకుని, అప్పుడు మట్టి మీద చెయ్యి వేసేవాడు. గమనించారా? తిప్పడం ఆపాకే కుండ మొదలయ్యేది. సారె తిరుగుతూ ఉండేది, ఆయన రెండు చేతులూ మట్టి మీదే ఉండేవి, మన కళ్ల ముందే కుండకు మెడ వచ్చేది. చక్రం ఎంత బరువుగా ఉంటే, ఆ బరువు అంచు వైపు ఎంత ఎక్కువ ఉంటే, అంతసేపు తిరిగేది.

ఆ సారె ఆగడానికి కారణాలు చెప్పగలం. కింద ఇరుసు రాపిడి, చుట్టూ గాలి, మట్టిని నొక్కే చేతులు. ఇవన్నీ తీసేయండి. ఇక ఏం ఆపుతుంది? ఏదీ ఆపదు. తిరిగేది తిరుగుతూనే ఉంటుంది. 1687లో న్యూటన్ ప్రిన్సిపియా అనే తన పుస్తకంలో మొదటి చలన సూత్రాన్ని రాసి, దాని కిందే ఉదాహరణగా బొంగరాన్ని తెచ్చాడు. గాలి అడ్డు తప్ప బొంగరాన్ని ఆపేది లేదని, గ్రహాలు తోకచుక్కలు పెద్దవి, అడ్డు తక్కువ చోట ఉన్నవి కాబట్టి ఇంకా ఎక్కువ కాలం తమ చలనాన్ని నిలుపుకుంటాయని అన్నాడు. బొంగరానికీ భూమికీ ఒకటే లెక్క. దాన్నే మన పాఠాల్లో జడత్వం అంటాం. తిరిగే వస్తువు విషయంలో దాని కొలతను కోణీయ ద్రవ్యవేగం అంటాం. పేరు పెద్దదే కానీ భయపడకండి, 'తిరుగుడు మూట' అనుకోండి. ఆ మూటను ఇంకొకరికి ఇవ్వొచ్చు, పంచుకోవచ్చు. మాయం చేయడం మాత్రం కుదరదు.

భూమికి ఇరుసు లేదు. స్కూల్లో గ్లోబుకు గుచ్చిన ఇనుప కడ్డీ చూసి చాలామంది అలాంటిదేదో ఉందనుకుంటారు. మరి గాలి? గాలి భూమితో పాటే తిరుగుతోంది. దాని బయట దాదాపు ఏమీ లేదు. రాసుకోవడానికి ఏమీ లేనప్పుడు తిరగడానికి ఖర్చూ లేదు. ఆ పాప అడిగిన 'శక్తి అయిపోదా' అన్నదానికి జవాబు ఇదే.

ఇక్కడ ఒక చురుకైన కుర్రాడు అడ్డు తగలొచ్చు. జడత్వం అంటే తిన్నగా పోవడం కదా, గుండ్రంగా ఎలా తిరుగుతుంది అని. మంచె మీద పిట్టలను తోలే వడిసెల గుర్తు చేసుకోండి. రాయి తిన్నగా పోవాలనే చూస్తుంది, తాడు లోపలికి లాగుతుంది. ఆ లాగుడు రాయి దారిని వంచుతుందే కానీ దాన్ని వెనక్కి లాగదు. భూమి మీద ప్రతి రాయికీ, ప్రతి నీటిబొట్టుకూ, మనకూ ఆ తాడు గురుత్వాకర్షణ.

సరే, మొదట కర్ర పెట్టి తిప్పిందెవరు?

దాదాపు 460 కోట్ల ఏళ్ల కిందట మన సౌరకుటుంబం ఒక పెద్ద వాయువు, ధూళి మేఘం. అంత పెద్ద మేఘంలో ఒక్కో ముక్క ఒక్కో వైపు కదులుతుంటుంది. అన్నీ కూడితే లెక్క సరిగ్గా సున్నాకు రావడం చాలా అరుదు. ఏదో ఒక వైపుకు కాస్త మొగ్గు మిగులుతుంది. కనిపించీ కనిపించని ఆ నెమ్మది తిరుగుడు చాలు. మేఘం తన బరువుకు తానే లోపలికి కుంగిన కొద్దీ వేగం పెరుగుతుంది.

దీన్ని క్లాసులో తిరిగే కుర్చీతో చూపిస్తాను. ఒక పిల్లవాణ్ని కూర్చోబెట్టి, రెండు చేతుల్లో రెండు కిలో ఉప్పు ప్యాకెట్లు పెట్టి, చేతులు చాపమని మెల్లగా తిప్పుతాను. "ఇప్పుడు గుండెకు హత్తుకో" అనగానే కుర్చీ గిర్రున తిరుగుతుంది. ఎవరూ తోయలేదు. కూచిపూడి చేసే పిల్లలకు ఈ సంగతి ఒంటికే తెలుసు, భ్రమరి తిరిగేటప్పుడు చేతులు దగ్గరికి తెచ్చుకుంటారు. మేఘం పదో వంతుకు కుదించుకుంటే తిరుగుడు వందరెట్లవుతుంది. సూర్యుడూ గ్రహాలూ ఆ మేఘం నుంచే పుట్టాయి. అందుకే గ్రహాలన్నీ సూర్యుడి చుట్టూ ఒకే దిక్కుకు తిరుగుతాయి, తమ చుట్టూ తాము కూడా ఎక్కువ భాగం ఆ దిక్కుకే తిరుగుతాయి. శుక్రుడు ఎదురు తిరుగుతాడు, ఒక చుట్టుకు 243 రోజులు. యురేనస్ పక్కకు ఒరిగి పడుకున్నట్టు తిరుగుతుంది. పుట్టిన కొత్తలో పెద్ద గుద్దుళ్లు తిన్న ప్రపంచాలివి, కొన్నింటి దిశలు మారడంలో ఆశ్చర్యం లేదు.

నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది సూర్యుడు. మధ్యలోకి కుంగిన సరుకంతా ఆయనే కదా, అందరికన్నా జోరుగా తిరగాలి. తిరగడు. నడుము దగ్గర ఒక చుట్టుకు సుమారు 25 రోజులు, ధ్రువాల దగ్గర నెల దాటుతుంది. సౌరకుటుంబం బరువులో 99 శాతానికి పైగా ఆయనదే, తిరుగుడు మూటలో వాటా మాత్రం చాలా కొంచెం. మొత్తం మూటలో సగానికి పైగా గురుడు తన కక్ష్యలో మోస్తున్నాడు. సూర్యుడి మూట ఎటు పోయింది? సూర్యుడి నుంచి ఎప్పుడూ ఒక గాలి వీస్తుంటుంది, విద్యుదావేశం ఉన్న కణాల గాలి. అయస్కాంత క్షేత్రం దాన్ని చాలా దూరం దాకా తనతో తిప్పి వదులుతుంది. కుర్చీలో పిల్లవాడు చేతులు చాపినట్టే. కోట్ల ఏళ్లుగా అలా ఇస్తూ ఇస్తూ సూర్యుడు నెమ్మదించాడు. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 కొలుస్తున్నవాటిలో ఈ సౌరగాలి కూడా ఉంది.

శ్రీహరికోట మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. రాకెట్లను తూర్పు తీరం నుంచి సముద్రం మీదుగా పంపడానికి భద్రత ఒక కారణం. ఇంకొకటి, అక్కడ నేల తూర్పుకు సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో పోతోంది. తూర్పుకు ఎగిరే రాకెట్‌కు ఆ వేగం ఉచితంగా వస్తుంది. భూభ్రమణం అంటే పరీక్షలో రాసి మర్చిపోయేది అనుకునే పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. భూమికి బ్రేకు లేదన్నాను. నిజానికి ఒకటి ఉంది, ఇక్కడికి గంట దూరంలోనే దాన్ని చూడొచ్చు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులకు మీలో చాలామంది వెళ్లే ఉంటారు. ఆ చెక్క వంతెన మీద నిలబడి చెట్ల వేళ్లను చూడండి. ఒక ఎత్తు దాకా బురద తడి, దాని పైన పొడి. ఎవరో సున్నం గీత గీసినట్టు అన్ని వేళ్ల మీదా ఒకే మట్టం. పోటు వచ్చినప్పుడు నీళ్లు ఆ గీత దాకా ఎక్కుతాయి, ఆటుకు దిగిపోతాయి. రోజుకు రెండుసార్లు.

చంద్రుడు సముద్రాన్ని లాగుతాడు, నీరు ఉబ్బుతుంది. భూమి చంద్రుడి కన్నా వేగంగా తిరుగుతోంది కాబట్టి ఆ ఉబ్బును కాస్త ముందుకు ఈడ్చుకుపోతుంది. చంద్రుడు దాన్ని వెనక్కి పట్టి లాగుతాడు. నీరు సముద్రం అడుగునా, తీరాలనూ, కోరింగ కాలవలనూ రాసుకుంటుంది. సారె మీద తడిచెయ్యి ఆనించినట్టే ఇది. భూమి నెమ్మదిస్తుంది, వందేళ్లకు రోజు సుమారు 2 మిల్లీసెకన్లు పొడుగవుతుంది. భూమి పోగొట్టుకున్న మూట చంద్రుడికి చేరుతుంది, ఆయన ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతాడు. ఇది ఊహ కాదు. 1969లో అపోలో-11 వాళ్లు చంద్రుడి మీద పెట్టి వచ్చిన అద్దాల పలకకు ఇక్కడి నుంచి లేజర్ వేసి, వెలుగు తిరిగొచ్చే రెండున్నర సెకన్లను కొలిచి తేల్చిన లెక్క.

రెండు మిల్లీసెకన్లు ఏపాటివి అంటారా? క్రీ.పూ. 136 ఏప్రిల్ 15న ఇప్పటి ఇరాక్‌లో ఉన్న పాత నగరం బాబిలోన్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. అక్కడివాళ్లు మట్టి పలకల మీద రాసి పెట్టారు. ఇప్పుడున్న రోజు పొడవే అప్పుడూ ఉందనుకుని వెనక్కి లెక్కేస్తే ఆ నీడ బాబిలోన్ మీద పడదు. ఎక్కడో పడమట, స్పెయిన్ దగ్గర మల్లోర్కా దీవి మీద పడుతుంది. తేడా మూడు గంటల పైన. రోజూ సెకనులో చిన్న తునక చొప్పున, ఏడున్నర లక్షలకు పైగా రోజులు పోగుపడిన తేడా అది. మట్టి పలక మీద గీతలు గీసిన ఆ మనిషి తనకు తెలియకుండానే భూమి గడియారాన్ని మనకోసం సరిచూసి పెట్టాడు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్తే సముద్రమే రాసుకున్న లెక్క ఉంది. పగడాలు రోజుకో సన్న పొర వేస్తాయి, ఏడాదికో పెద్ద కట్టు కనిపిస్తుంది. 1963లో జాన్ వెల్స్ అనే శాస్త్రవేత్త దాదాపు 40 కోట్ల ఏళ్ల నాటి పగడ శిలాజాల్లో ఒక్కో ఏడాదికి సుమారు 400 గీతలు లెక్కపెట్టాడు. ఏడాది పొడవు మారలేదు, రోజులే ఎక్కువ. అంటే అప్పట్లో రోజుకు 22 గంటలే.

మనం చంద్రుడికి ఇంతకన్నా గట్టి బ్రేకు వేశాం. భూమి బరువు ముందు ఆయన చిన్నవాడు కాబట్టి ఎప్పుడో నెమ్మదించి, ఒకే ముఖం మనకు చూపించే స్థితికి వచ్చేశాడు. మా తాత చూపించిన కుందేలే ఇప్పుడు నా మనవరాలూ చూస్తోంది. కానీ చంద్రుడు తన చుట్టూ తాను తిరగడం మానేశాడని మాత్రం అనకండి. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసేటప్పుడు మీ కుడి భుజం ఎప్పుడూ గుడి వైపే ఉంటుంది. ఒక ప్రదక్షిణ పూర్తయ్యేసరికి మీ ముఖం నాలుగు దిక్కులూ చూసేస్తుంది. అంటే మీ చుట్టూ మీరూ ఒకసారి తిరిగారు. చంద్రుడు చేసేది అదే, 27.3 రోజులకు ఒక ప్రదక్షిణ, ఒక ఆత్మప్రదక్షిణ.

ఇలా అయితే భూమి ఒకనాటికి ఆగిపోతుందా అని టెన్షన్ పడకండి. ఇంకో 500 కోట్ల ఏళ్లకు సూర్యుడే ఉబ్బిపోయి ఎర్రబడతాడు, ఈ బ్రేకు పని అప్పటికీ పూర్తి కాదు.

వచ్చే ఆదివారం వీలున్నవాళ్లం కోరింగ వెళ్దాం. పోటు వేళ నేను కనుక్కుని చెప్తాను. పిల్లలు ఒక స్కేలూ చాక్‌పీసూ తెచ్చుకోండి. వంతెన స్తంభం మీద నీళ్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టి, గంటకోసారి ఎంత ఎక్కిందో కొలిచి రాసుకుందాం. ఆ ప్రశ్న అడిగిన పాప ఇక్కడికి వచ్చినట్టుంది, మూడో వరసలో కనిపిస్తోంది. మొదటి గీత నువ్వే గీయాలమ్మా.