మిద్దె మీద నాలుగు రకాల క్యారెట్లు: రుచికి ఏది వేసుకోవాలి?

నమస్కారం అండి. ఈ చప్పుడు వినండి ఒకసారి. విన్నారా? మళ్ళీ విరుస్తాను. అదీ, ఆ పటుక్కుమన్న చప్పుడు. పావుగంట క్రితం దాకా మట్టిలో ఉన్న క్యారెట్ ఇది. కత్తి అక్కర్లేదు, వేళ్ళతో వంచితే చాలు, విరిగిపోయింది. ఈ చప్పుడు గుర్తు పెట్టుకోండి, దీని సంగతి కాసేపట్లో చెప్తాను.

ఇవాళ భోగి. పొద్దున్నే మంట వేసి, తలస్నానాలు అయ్యాక పైకి వచ్చాం. అక్టోబర్ 20న ఈ గ్రో బ్యాగుల్లో విత్తనాలు వేశాను, నేటికి 86 రోజులు. మాది హైదరాబాద్. నాలుగు రకాలు వేశాను: నాంటెస్, కురోడా, పూసా రుధిర, పూసా అసిత. అన్నింటికీ ఒకటే మట్టి, ఒకటే ఎండ, ఒకటే నీళ్ళు. ఎందుకంటే పోయినేడు ఒక్కోటి ఒక్కో చోట వేసి, రుచిలో తేడా రకానిదో మట్టిదో తెలియక మళ్ళీ మొదటికి వచ్చాను.

ఏది ఎక్కువ కాసింది అనే లెక్క ఈ వీడియోలో లేదు. మిద్దె మీద పండించుకునేది రెండు కిలోలో మూడు కిలోలో. ఆ కాస్తా నోట్లో పెట్టుకుంటే బాగుండాలి. రుచి ఒక్కటే చూద్దాం.

మొదట నాంటెస్. చూడండి, పై నుంచి కింద దాకా ఒకటే లావు, కింద మొన కూడా సూదిగా ఉండదు, మొద్దుగా ఉంటుంది. జానెడు పొడవు. ఫ్రాన్స్‌లో నాంట్ అనే ఊరు ఉంది, ఆ ఊరి పేరే దీనికి. అడ్డంగా కోసి చూపిస్తాను, దగ్గరికి రండి. మధ్యలో కాడ కనిపిస్తోందా? పెద్దగా కనపడదు. చాలా క్యారెట్లలో మధ్యలో పసుపుగా, గట్టిగా ఓ కాడ ఉంటుంది కదండీ, పిల్లలు చుట్టూ కొరుక్కు తిని అది పారేస్తారే, అది ఇందులో చాలా సన్నం, రంగు కూడా దాదాపు ఒకటే. క్యారెట్‌లో తీపి చుట్టూ ఉన్న కండలోనే ఎక్కువ, మధ్య కాడలో తక్కువ. కాబట్టి కాడ ఎంత సన్నగా ఉంటే అంత తీపి. ఏ రకం క్యారెట్ కొన్నా, పండించినా, ముందు అడ్డంగా కోసి ఇదే చూడండి.

రుచి చెప్తాను. కొరకగానే నీరు ఊరుతుంది, వెంటనే తీపి. ఆ తర్వాత చివర్లో చిన్న సువాసన, కొత్తిమీర కాడ నలిపినప్పుడు వచ్చేలాంటిది. కొత్తిమీర, జీలకర్ర, వాము, క్యారెట్ అన్నీ ఒకే కుటుంబం మొక్కలు కదా. ఆ సువాసన సన్నగా ఉంటే బాగుంటుంది, ఎక్కువైతే సబ్బు తిన్నట్టు ఉంటుంది. దీంట్లో సరిగ్గా ఉంది. మా అత్తయ్యకి పళ్ళు అంత గట్టిగా లేవు, పచ్చి క్యారెట్ ముట్టరు. ఈ ముక్క ఇస్తే తిని ఇంకోటి అడిగారు.

ఇప్పుడు ఆ చప్పుడు సంగతి. నాంటెస్ ఇంత పెళుసు కాబట్టే లారీ ప్రయాణానికి పనికిరాదు. బస్తాల్లో వేస్తే విరుగుతుంది, మిషన్‌లో కడిగితే పగులుతుంది. దూరం నుంచి బజారుకు వచ్చే క్యారెట్ ఎలా ఉండాలి? గట్టిగా ఉండాలి, వారం పది రోజులు తట్టుకోవాలి. రైతుని తప్పు పట్టలేం, వ్యాపారినీ పట్టలేం. కానీ మనకి మిద్దె నుంచి వంటింటికి పాతిక మెట్లే కదండీ ప్రయాణం! విరిగితే విరగనివ్వండి. బజార్లో దొరికేలాంటి గట్టి రకమే ఇంట్లోనూ వేసుకుంటే ఇంత కష్టం దేనికి అని నా బాధ.

రెండోది కురోడా. ఇది జపాన్ రకం. భుజాలు వెడల్పుగా, కిందికి వచ్చేసరికి సన్నబడుతుంది. మన వైపు విత్తనాల షాపుల్లో తేలిగ్గా దొరికేది ఇదే. మొలక బాగా వచ్చింది, కాస్త వేడినీ తట్టుకుంటుంది, మొదటిసారి వేసేవాళ్ళు ధైర్యంగా వేసుకోవచ్చు. రుచి? తీపి ఉంది, కాదనను. కానీ నాంటెస్ తిన్న నోటితో తింటే కొంచెం చప్పగా అనిపిస్తుంది, కాడ కూడా లావు. అయితే కొబ్బరి వేసి వేపుడు చేస్తే ఇది ముక్క ముక్కగా నిలబడింది. సాంబార్లోనూ అంతే. నాంటెస్ మెత్తబడిపోయింది. కాబట్టి కూరకి కురోడా.

మూడోది చూడండి, ఎంత ఎర్రగా ఉందో. పూసా రుధిర. రుధిరం అంటే మనకి వేరే చెప్పక్కర్లేదు, పేరు సరిగ్గా పెట్టారు. పూసా అని పేరున్నవన్నీ ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థవి. ఆ సంస్థ మొదట బీహార్లో పూసా అనే ఊళ్ళో ఉండేది, 1934 భూకంపంలో దెబ్బతిన్నాక ఢిల్లీకి మార్చారు, ఊరి పేరు మాత్రం విత్తనాలకి ఉండిపోయింది. చలికాలంలో మన మార్కెట్లకి ఢిల్లీ క్యారెట్ అని పొడుగ్గా ఎర్రగా వస్తుంది చూడండి, ఆ జాతే ఇది. ఆరెంజ్ క్యారెట్‌కి రంగు ఇచ్చేది కెరోటిన్ అయితే, దీనికి లైకోపీన్. టమాటాలో, పుచ్చకాయలో ఉండేది అదే. కోశాను చూడండి, మధ్య కాడ కూడా ఎరుపే.

పచ్చిగా తింటే దీని తీపి నాంటెస్ తీపిలా వెంటనే తెలియదు. నములుతుంటే వస్తుంది. పీచు కాస్త ఎక్కువ, వాసన కూడా ఘాటు. మా పాపకి పచ్చిగా నచ్చలేదు. కానీ నిన్న తురిమి, పాలు పోసి, సన్న మంట మీద ముప్పావు గంట మగ్గించి హల్వా చేశాను. బెల్లం నేను ఎప్పుడూ వేసే దాంట్లో సగమే వేశాను. ఆ రంగు, ఆ వాసన... పచ్చిగా ఉన్నప్పుడు ఘాటు అనిపించిన వాసనే నెయ్యి తగిలాక ఎంత బాగుందో చెప్పలేను. నాంటెస్‌తో హల్వా చేస్తే నీళ్ళు ఊరుతుంది, రంగు వెలుస్తుంది. హల్వాకి ఎరుపు రకమే వేసుకోండి. ఇది పొడవు పెరుగుతుంది కాబట్టి బ్యాగు లోతు కనీసం 15 అంగుళాలు ఉండాలి. నాంటెస్‌కైతే 12 సరిపోతుంది.

నాలుగోది పూసా అసిత. అసిత అంటే నలుపు. నల్ల వంకాయ రంగు, లోపల కూడా అంతే. చేతులకి అంటింది చూడండి. నేరేడు పండులో ఉండే ఆంథోసయనిన్ దీని రంగు. తీపి తక్కువ, మట్టి వాసన ఉంటుంది, కాస్త బీట్‌రూట్ గుర్తొస్తుంది. సాంబార్లో వేస్తే సాంబారంతా ఊదా రంగు అయిపోయింది, ఇంట్లో ఎవరూ తినలేదు. ఉత్తరాదిలో దీన్ని ఆవపిండి, ఉప్పు వేసిన నీళ్ళలో నాలుగు రోజులు పులియబెట్టి కాంజీ అని తాగుతారు. అది చేశాను, మన ఆవకాయ తినే నాలుకకి బాగా నచ్చుతుంది. కానీ రుచి కోసం ఒక్క బ్యాగు చోటే ఉన్నవాళ్ళకి నేను అసిత వేయమని చెప్పను.

నా మాట అడిగితే, మొదటి బ్యాగు నాంటెస్. రెండోది ఉంటే రుధిర. మొదటిసారి వేస్తున్నారు, మొలకలు రాకపోతే నిరాశ పడతాం అనుకుంటే కురోడాతో మొదలుపెట్టండి.

అయితే ఒక మాట చాలా శ్రద్ధగా వినండి. రకం ఎంత ముఖ్యమో నెల అంత ముఖ్యం, నాకైతే నెలే ఇంకా ముఖ్యం అనిపిస్తుంది. పోయినేడు ఇదే నాంటెస్ జనవరి చివర్లో వేశాను. ఏప్రిల్లో తీశాను. పాలిపోయిన రంగు, కొరికితే చేదు, నోరంతా సబ్బు వాసన. విత్తనం మంచిదే, ఎండ దెబ్బ అది. క్యారెట్‌కి 15 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో తీపీ రంగూ బాగా వస్తాయి. వేడి పెరిగితే తీపి తగ్గి, ఘాటు వాసన ఇచ్చే పదార్థాలు పెరుగుతాయి. కాబట్టి మన మైదాన ప్రాంతాల్లో లెక్క వెనక నుంచి వేసుకోవాలి. డిసెంబర్, జనవరి చలి క్యారెట్ ఊరే సమయానికి రావాలి. అంటే అక్టోబర్ రెండో సగం నుంచి నవంబర్ లోపు విత్తనం పడాలి. ఎర్ర రకాలు కాస్త ముందు, సెప్టెంబర్ చివర్లో వేసినా పర్లేదు. అరకు, లంబసింగి వైపు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, మీకు చలి ఎక్కువ రోజులు ఉంటుంది.

అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ళు కూడా చూస్తుంటారు. మీకు స్కార్లెట్ నాంటెస్, మోకుమ్, బొలేరో అని దొరుకుతాయి, మూడూ నాంటెస్ తరహావే. ఎండాకాలం చివర్లో విత్తి, రెండు మూడు సార్లు మంచు పడేదాకా మట్టిలోనే ఉంచి తీయండి. చలికి తీపి ఎక్కుతుంది.

విత్తనం కొనేటప్పుడు ప్యాకెట్ మీద రకం పేరు, తేదీ రెండూ చూడండి. పోయినేడు ఒక షాపులో ఎర్ర క్యారెట్ అని మాత్రమే రాసున్న ప్యాకెట్ కొన్నాను. సగానికి పైగా తెల్లగా, కట్టెపుల్లల్లాంటి కాడతో వచ్చాయి. మూడు నెలలు నీళ్ళు పోశాక తెలుస్తుందండి ఆ సంగతి, అదే బాధ. క్యారెట్ విత్తనం పాతబడితే మొలక కూడా పడిపోతుంది, కొత్తదే తీసుకోండి.

నాంటెస్ విత్తనం మనం కట్టుకోలేం. దానికి పూత రావాలంటే గట్టి చలి కావాలి, అందుకే ఆ విత్తనాన్ని కొండ ప్రాంతాల్లో పండిస్తారు. పూసా రుధిర, అసిత లాంటివి మైదానంలోనే పూస్తాయి. ఒక మంచి దుంపని తీయకుండా వదిలి చూడండి, తెల్లటి గొడుగుల్లాంటి పూలు వస్తాయి. రెండు రకాలు ఒకేసారి పూస్తే మాత్రం తేనెటీగలు కలిపేస్తాయి, ఒక్క రకాన్నే పూతకి వదలండి.

పెంపకంలో రుచిని పాడుచేసేవి రెండు మూడు చెప్పి ముగిస్తాను. ఒకటి, పచ్చి పేడ. అది వేస్తే దుంప రెండు కాళ్ళూ మూడు కాళ్ళూ అవుతుంది. బాగా చివికిన ఎరువే వేయండి, ఇసుక ధారాళంగా కలపండి, గుప్పెడు వేపపిండి వేయండి. రెండు, ఒత్తు మొక్కలు తీయకపోవడం. నాలుగు వేళ్ళ ఎత్తు వచ్చాక రెండు అంగుళాలకి ఒకటి ఉంచి మిగతావి తీసేయాలి. మనసు రాదు, నాకూ రాదు, కానీ తీయాలి. మూడు, భుజాలు మట్టి పైకి వస్తే ఎండకి పచ్చబడి చేదెక్కుతాయి. కనపడగానే మట్టి కప్పండి. నారు పోసి నాటడం మాత్రం వద్దు, నేరుగా విత్తాలి. మొలక రావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా పైన తడి గోనెసంచి కప్పి ఉంచండి.

తీసిన వెంటనే ఆకు కోసేయాలి, లేకపోతే దుంపలో నీరంతా ఆకు లాగేస్తుంది. ఫ్రిజ్‌లో అరటిపండ్లు, ఆపిల్స్ పక్కన పెట్టకండి. అవి విడిచే ఇథిలీన్ వాయువు తగిలితే మంచి క్యారెట్ కూడా చేదవుతుంది.

ఇప్పుడు వేయొచ్చా అని చాలామంది కామెంట్లో అడుగుతారు, ముందే చెప్తున్నాను. మైదానంలో ఉన్నవాళ్ళు ఇప్పుడు వేయకండి. సెప్టెంబర్లో విత్తనం తెచ్చి పెట్టుకోండి. వచ్చే సీజన్లో నేను మధుబన్ గాజర్ కూడా వేసి చూపిస్తాను. గుజరాత్‌లో జునాగఢ్ జిల్లా రైతు వల్లభ్‌భాయ్ వసరంభాయ్ మర్వానియా గారు తన పొలంలో ఏళ్ళ తరబడి ఏరి ఏరి తయారుచేసిన రకం అది, 2019లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. విత్తనం కోసం ఇప్పటికే అడుగుతున్నాను.

ఈ బ్యాగులో ఇంకా పదకొండు నాంటెస్ మిగిలాయి. నాలుగు ఇప్పుడు తీస్తాను, మా పాప భోగిపళ్ళకి వచ్చే పిల్లల కోసం అడిగింది. మిగతావి కనుమ దాకా మట్టిలోనే ఉంటాయి.