లెక్కల క్లాసుకి ఈ టచ్ ప్యానెల్ కొనొచ్చా? నా రివ్యూ

నమస్కారం అండీ. వెనకాల కనిపిస్తున్న 65 అంగుళాల టచ్ ప్యానెల్‌ని ఒక కంపెనీ వాళ్లు రివ్యూ కోసం మా ట్యూషన్‌కి పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో అయ్యాక ప్యానెల్ వాళ్లకే వెళ్లిపోతుంది. ర్యామ్ ఎంత, స్పీకర్లు ఎన్ని వాట్లు లాంటివి మీరు వేరే ఛానెళ్లలో చూసే ఉంటారు. నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఎనిమిది నుంచి పదో తరగతి దాకా లెక్కలు చెప్తాను. దీని ముందు నిలబడ్డ పిల్లలకి లెక్క అర్థమవుతోందా లేదా అన్నదే నేను చూశాను.

బాగా నచ్చిన దాంతో మొదలుపెడతాను. ఇందులో జియోజీబ్రా చాలా హాయిగా నడుస్తోంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, ఇది ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో తన మాస్టర్స్ థీసిస్ కోసం మొదలుపెట్టిన, గ్రాఫులూ బొమ్మలూ గీసి కదిలించి చూపించే లెక్కల సాఫ్ట్‌వేర్. వ్యాపారం కాని వాడకానికి ఉచితం.

పదో తరగతిలో వర్గ బహుపది శూన్యాలు చెప్పాలంటే గ్రాఫు ఎక్స్ అక్షాన్ని ఎక్కడ ఖండిస్తుందో చూపించాలి కదా. బోర్డు మీద పట్టిక వేసి, బిందువులు గుర్తించి, ఒక పరావలయం గీసేసరికి పిల్లల ధ్యాస ఎటో పోతుంది. ఇక్కడ ఎక్స్ స్క్వేర్ మైనస్ 4 ఎక్స్ ప్లస్ సి అని కొట్టగానే సి కోసం ఒక స్లయిడర్ వచ్చేసింది. సి ని 3 దగ్గర పెడితే గ్రాఫు 1 దగ్గర, 3 దగ్గర అక్షాన్ని ఖండించింది. మా పదో తరగతి అమ్మాయి స్లయిడర్ మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది. రెండు చుక్కలూ దగ్గరికొస్తూ, సి విలువ 4 కాగానే 2 దగ్గర కలిసిపోయాయి. ఇంకొంచెం జరిపితే గ్రాఫు అక్షాన్ని వదిలేసి పైకి వెళ్లిపోయింది. మళ్లీ వెనక్కి లాగింది, మళ్లీ ముందుకి. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు: "మేడమ్, మరి రెండో చుక్క ఏమైంది?"

ఆ ప్రశ్న కోసమే అండీ నా ఆరాటమంతా! సమాన మూలాలు అన్న మాట నేను చెప్పకముందే వాళ్లకి దాని అవసరం వచ్చింది. ఆ తర్వాతే, మూలాలు ఎలాంటివో చెప్పే విచక్షణి రాయించాను. 16 మైనస్ 4 సి. సి 3 అయితే 4, సి 4 అయితే సున్నా, సి 5 అయితే మైనస్ 4. మూలాలు ఎప్పుడు వాస్తవాలు, ఎప్పుడు కావు అని బట్టీ పెట్టించాల్సిన పనే లేకుండా పోయింది.

ఇదివరకు మా దగ్గర ప్రొజెక్టర్ ఉండేది. బెజవాడ ఎండల్లో కిటికీలు మూసి, తెరలు వేసి చూపిస్తే గది ఉడికిపోయేది. అంతకంటే ఇబ్బంది ఏమిటంటే మౌస్ నా చేతిలోనే ఉండేది, పిల్లలు ఊరికే చూసేవాళ్లు. ఇప్పుడు జరిపేది వాళ్లే. ఈ ఒక్క తేడా కోసం ఎంత ఖర్చయినా పెట్టొచ్చు అనిపించింది.

కానీ కంపెనీ వాళ్ల సొంత వైట్‌బోర్డ్ యాప్ తెరిచాక నాకు నిజంగా కోపం వచ్చింది. చేత్తో గీసిన బొమ్మని అదే చక్కబెట్టేస్తుంది. మూడు భుజాలూ వేర్వేరుగా ఉండే విషమబాహు త్రిభుజం గీస్తే, రెండు భుజాలు సమానమైన సమద్విబాహు త్రిభుజం అయిపోతోంది! త్రిభుజంలో భూమికి, అంటే అడుగు భుజానికి, సమాంతరంగా గీసిన గీత మిగతా రెండు భుజాల్నీ ఒకే నిష్పత్తిలో విభజిస్తుందనే ప్రాథమిక అనుపాత సిద్ధాంతం చెప్తూ, భూమికి సమాంతరంగా లేని గీత గీస్తే నిష్పత్తులు ఏమవుతాయో చూద్దాం రా అని ఒక అబ్బాయిని పిలిచాను. వాడు సరిగ్గానే ఏటవాలుగా గీశాడు. ప్యానెల్ దాన్ని సమాంతరం చేసి పెట్టింది. వాడు నా వైపు చూసి, తనే తప్పు గీశాననుకుని చెరిపేశాడు. ఏ తేడా చూపించడానికి వాణ్ని పిలిచానో ఆ తేడానే ఇది మింగేసింది. సెట్టింగ్స్‌లో ఆఫ్ చేయొచ్చు, కానీ ప్యానెల్ ఆపి మళ్లీ వేస్తే ఆ ఆప్షన్ తిరిగి ఆన్ అయిపోతోంది. కరెంటు పోయిన ప్రతిసారీ ఇదే గొడవ. కంపెనీకి ఫోన్ చేస్తే వచ్చే అప్‌డేట్‌లో చూస్తామన్నారు.

రంగులు బాగున్నాయి, సౌండ్ సరిపోతుంది. అంచుల్లో దుమ్ము చేరితే టచ్ తడబడుతోంది, రోజూ పొడి గుడ్డతో తుడవాలి.

నా మాట అడిగితే, ఈ ప్యానెల్ ఇప్పుడున్నట్టుగా అయితే నేను కొనను. ప్రభుత్వ హైస్కూల్ టీచర్లకి మాత్రం ఒక మాట. 2023లో నాడు-నేడు కింద వచ్చిన ఐఎఫ్‌పీలు, అంటే ఇలాంటి టచ్ ప్యానెళ్లే, మీ దగ్గర ఉంటే, వాటిని వీడియోలు వేయడానికే వదిలేయకండి. జియోజీబ్రా బ్రౌజర్‌లో కూడా తెరుచుకుంటుంది. స్లయిడర్ పిల్లల చేతికివ్వండి. ట్యూషన్లు చెప్పేవాళ్లు ఒక ట్యాబ్‌లో జియోజీబ్రా వేసి ఇంట్లో టీవీకి కలిపినా పని జరుగుతుంది, నేను ఇకమీదట అదే చేయబోతున్నాను.

ప్యానెలే కావాలనుకుంటే షోరూమ్‌లో డెమో వీడియో చూసి వచ్చేయకండి. మీ చేత్తో ఒక విషమబాహు త్రిభుజం గీయండి. దిద్దే ఆప్షన్ ఆఫ్ చేయించి, ప్యానెల్ ఆపి, మళ్లీ వేయించి ఇంకోసారి గీయండి. గీసింది గీసినట్టు ఉంటేనే బేరం మొదలుపెట్టండి.