బారెన్ దీవి బంజరు కాదు

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో కూడా హాలు నిండా వచ్చారు, చాలా సంతోషం.

దీవి అనగానే మన బెజవాడ వాళ్ళకు భవానీ ద్వీపం గుర్తొస్తుంది. కృష్ణమ్మ మోసుకొచ్చిన ఒండ్రు ఏళ్ళ తరబడి పేరుకుని తయారైన నేల అది. ఈ రోజు నేను చెప్పబోయే దీవి పుట్టుక వేరు. సముద్రం అడుగున భూమిని చీల్చుకుని పైకి లేచింది. పేరు బారెన్. అండమాన్‌లో, 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. మన దేశంలో ఇప్పటికీ నిప్పులు కక్కుతున్న అగ్నిపర్వతం ఇదొక్కటే. అక్కడ ఒక్క ఇల్లు కూడా లేదు.

వెడల్పు సుమారు 3 కిలోమీటర్లు. నీళ్ళ పైన కనిపించే ఎత్తు 350 మీటర్ల చిల్లర. సముద్రం అడుగు నుంచి లెక్కేస్తే మాత్రం 2 కిలోమీటర్లు దాటుతుంది. అంటే పడవలోంచి మనకు కనిపించేది కొండ కొస మాత్రమే.

ఆకారం ఎలా ఉంటుందంటే, పడమటి వైపు అంచు పగిలిన పెద్ద మూకుడు ఊహించుకోండి. మూకుడు మధ్యలో పొయ్యి బూడిద కుప్పగా పోశారనుకోండి. ఆ కుప్పే ఇప్పుడు పేలుతున్న శిఖరం. లావా పొంగినప్పుడల్లా ఆ పగిలిన అంచు గుండా జారి సముద్రంలో పడుతుంది.

అసలు అక్కడ రాయి ఎందుకు కరుగుతోంది? మన దేశాన్ని మోస్తున్న భూఫలకం, అంటే భూమి పైపెంకులో ఒక పెద్ద ముక్క, అక్కడ పక్క ఫలకం కిందికి దూరుతోంది. దూరేటప్పుడు రాళ్ళలో ఇమిడిన సముద్రపు నీటిని కూడా లోపలికి తీసుకుపోతుంది. ఆ నీరు పైనున్న వేడి రాతిలోకి ఎక్కితే, రాయి మామూలు కంటే తక్కువ వేడికే కరుగుతుంది. ఐసు మీద ఉప్పు చల్లితే ఐసు తొందరగా కరగడం మీరు చూసే ఉంటారు. ఇదీ అలాంటిదే. నిప్పుల కొండకు మూలం నీళ్ళు! ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

1787లో ఇది పేలినట్టు రాసిపెట్టారు. 1832 తర్వాత చప్పుడు లేదు. చల్లారిపోయిందనే అనుకున్నారు. 159 ఏళ్ళకు, 1991లో మళ్ళీ లేచి దాదాపు ఆరు నెలలు మండింది. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్ళు ఓడలో దగ్గరగా వెళ్ళినప్పుడు కొండ ఉన్నట్టుండి బూడిద చిమ్మింది. ఒక్కో విడత ఐదు నుంచి పది నిమిషాలు. పగలు బూడిద మబ్బే కనిపించింది. పొద్దు గూకాక చూస్తే శిఖరం మీంచి ఎర్రటి లావా చిమ్ముతూ, వాలు వెంట జారుతోంది.

సరే, ఇలాంటి చోట ఏం బతుకుతుంది? సముద్రం మీద పోతూ నల్ల బూడిదను చూసి ఎవరో ఇంగ్లీషులో బారెన్, అంటే బంజరు అని పేరు పెట్టేశారు. ఆ పేరు నాకు నచ్చదు. మూకుడు బయటి వాలుల మీద, ముఖ్యంగా తూర్పు, దక్షిణాల్లో పచ్చటి అడవి ఉంది. మనకు ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన పడితే, అండమాన్‌లో సుమారు 3000 పడుతుంది. మరి చిగురు రాక ఏం చేస్తుంది?

1991 పేలుడు దెబ్బ చిన్నది కాదు. 1993 ఏప్రిల్‌లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వాళ్ళు వెళ్ళి చూస్తే, అంతకుముందు తెలిసిన 16 జాతుల పక్షుల్లో 6 మాత్రమే కనిపించాయి. కానీ అదే యాత్రలో 51 రకాల పురుగులు దొరికాయి. నేల ఇంకా వేడి ఆవిర్లు వదులుతూనే ఉంది!

ఆ ఆరింటిలో ఎక్కువగా కనిపించింది ఒక అడవి పావురం. ఒళ్ళంతా మీగడ తెలుపు, రెక్కల అంచులు నలుపు. మన అపార్టుమెంటు బాల్కనీల్లో గింజలు ఏరుకునే రకం కాదు, పండ్లు తినేది. పండును గింజతో సహా మింగుతుంది, సముద్రం దాటి దీవి నుంచి దీవికి ఎగురుతుంది, వాలిన చోట గింజ వదులుతుంది. ఆ అడవికి విత్తనాలు చల్లే రైతుల్లో ఇదీ ఒకటి. గబ్బిలాలదీ అదే పని. గాలి, అలలు తెచ్చేవి ఎలాగూ ఉన్నాయి. నీళ్ళలో పగడాలు కూడా ఉన్నాయి.

నాకు దిగులు కలిగించేది మేకల సంగతి. ఎప్పుడో మనుషులు వదిలితే అక్కడ అడవి మేకలైపోయాయి. కొండ పేలినా తట్టుకున్నాయి, మెచ్చుకోవాల్సిందే. కానీ మేక ముందు లేత మొక్క నిలుస్తుందా? పల్నాటి గట్ల మీద చూసినవాళ్ళకు నేను చెప్పాలా! అభయారణ్యం అంటూ మనుషుల్ని దిగనివ్వకుండా ఆపడం మంచి పనే. మేకల మాట కూడా ఆలోచించాలి.

ఇప్పుడు ఈ స్టీలు డబ్బా చూడండి. ఇందులో ఉన్నది కృష్ణ కాలువ కింద పొలం మట్టి. కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం కొండలు సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట లావా పరుచుకుని గట్టిపడ్డవి. ఆ నల్ల రాయి, బారెన్‌లో ఇవాళ జారుతున్న లావా రాయి ఒకే కుటుంబం, బసాల్ట్. ఆ కొండలు వానకు కరిగి, నది వెంట వచ్చి, మన డెల్టాలో నల్లమట్టిగా పరుచుకున్నాయి. వేసవిలో నెర్రెలిచ్చి, తొలకరికి చెప్పుకు అంటుకుని వదలనిది ఇదే. ఇందులో పండిన అన్నమే పొద్దున తిని వచ్చాం.

డబ్బా ముందు వరస నుంచి అలా వెనక్కి పంపండి. పిల్లలూ, చిటికెడు తీసుకుని రెండు చుక్కల నీళ్ళు వేసి వేళ్ళతో నలిపి చూడండి. లైట్లు ఆపితే ఆ పావురం ఫోటో వేస్తాను.