జీవో 9 ఆగింది, రేపటి బంద్ ఎవరి మీద? స్టూడియో చర్చ పూర్తి పాఠం

(2025 అక్టోబర్ 17 రాత్రి, బీసీ సంఘాల రాష్ట్ర బంద్‌కు ముందు రోజు జరిగిన చర్చ ఇది. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డ చోట వినబడినంత మేరకే రాశాం. వక్తలకు పేర్ల బదులు హోదాలు ఇచ్చాం. అప్పటికి తెలంగాణలో ఊరికి సర్పంచ్ లేక ఇరవై నెలలు దాటింది. అందుకే అరుపులతో సహా ఈ చర్చ మొత్తం చదవదగ్గదని మా అభిప్రాయం.)

యాంకర్: నమస్కారం. స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ ఇస్తూ సెప్టెంబర్ 26న ప్రభుత్వం ఇచ్చిన జీవో 9 మీద హైకోర్టు ఈ నెల 9న స్టే ఇచ్చింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్తే నిన్న అక్కడా పిటిషన్ కొట్టేశారు. రేపు బంద్. విచిత్రం ఏంటంటే అధికార పక్షం, ప్రతిపక్షాలు అన్నీ మద్దతే అంటున్నాయి. అందరూ బంద్‌లో ఉంటే ఈ బంద్ ఎవరి మీద? కోర్టు మీదా? నలుగురికీ సమానంగా సమయం ఇస్తాం. లాయర్ మేడమ్, మీతో మొదలుపెడదాం. కోర్టు తీర్పు మీద బంద్ చేయొచ్చా?

న్యాయవాది: తీర్పు ఇంకా రాలేదండీ. వచ్చింది మధ్యంతర ఉత్తర్వు. కౌంటర్, అంటే లిఖితపూర్వక జవాబు, వేయమని ప్రభుత్వానికి నాలుగు వారాలు ఇచ్చారు. అసలు చిక్కు ఎక్కడుందంటే, 2018 పంచాయతీరాజ్ చట్టంలో 285ఏ సెక్షన్ ఉంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లన్నీ కలిపి 50 శాతం దాటకూడదని ఆ సెక్షన్ చెప్తోంది. జీవో ప్రకారం బీసీలకు 42, ఎస్సీలకు 15, ఎస్టీలకు 10, మొత్తం 67. చట్టం ఒకటి చెప్తుంటే జీవో ఇంకోటి...

బీసీ నేత: మేడమ్, జర ఆగున్రి. 67 అని చెప్తున్రు గదా, మా జనాభా ఎంతో గూడ చెప్పున్రి. ప్రభుత్వం చేసిన సర్వేలనే 56.33 శాతం అని తేలింది. సగం కంటే ఎక్కువ ఉన్నోళ్లకు 42 ఇస్తే తప్పా?

న్యాయవాది: తప్పని నేనలేదు సార్...

బీసీ నేత: అన్లే, కానీ ఆపిన్రు గదా! నామినేషన్లు మొదలైన రోజే ఆపిన్రు. పొద్దున నోటిఫికేషన్ ఇచ్చిన్రు, పొద్దుగూకకముందే స్టే వచ్చింది. జిల్లాల్ల రిజర్వు సీట్లకు లాటరీలు తీసిన్రు, ఊర్లల్ల మా పిల్లలు ఇంటింటికి తిరుగుడు మొదలుపెట్టిన్రు. వాళ్లకు ఎవరు జవాబు చెప్తరు?

యాంకర్: అంటే మీ కోపం కోర్టు మీదే?

బీసీ నేత: మా కోపం అందరి మీద. ఇదే హైకోర్టు జూన్ 25న ఏమన్నది? మూడు నెలల్ల ఎన్నికలు పెట్టున్రి, సెప్టెంబర్ 30 దాటొద్దు అన్నది. పెట్టబోతే మళ్ల ఇదే హైకోర్టు ఆపింది.

న్యాయవాది: ఎన్నికలు ఆపలేదండీ, ఇది స్పష్టంగా చెప్పాలి. 50 శాతం లోపు పాత రిజర్వేషన్లతో ఎన్నికలు పెట్టుకోవచ్చన్నారు. నిన్న సుప్రీంకోర్టూ అదే అంది.

బీసీ నేత: పాత రిజర్వేషన్లు అంటే మాకు ఎంత? 2019ల ఏం జరిగింది? చట్టంల 34 అని రాసుకున్నం. 50 దాటొద్దన్నరని తెచ్చి ఇరవై చిల్లరకు కోసిన్రు. ఆంధ్రల 2020ల గూడ గదే. అందరివి కలిపి 59.85 శాతం జీవో ఇస్తే మార్చిల హైకోర్టు కొట్టేసింది, బీసీలది 24కు దిగింది. కోత పడ్డప్పుడల్లా మాదే ఎందుకు పడ్తది?

(ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడారు.)

యాంకర్: ఒక్కొక్కరు, ప్లీజ్. మాజీ ఐఏఎస్ సార్, మీరు పంచాయతీరాజ్ శాఖలో పనిచేశారు. ఎన్నికైన ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంటే ఇద్దరు జడ్జీలు ఆపేయొచ్చా?

మాజీ ఐఏఎస్: ప్రశ్నను అక్కడ మొదలుపెడితే దారి తప్పుతామండీ. అసలు జీవో ఎట్లా పుడుతుందో చూడాలి. శాఖలో సెక్షన్ ఆఫీసర్ దగ్గర ఫైలు మొదలవుతుంది. చట్టంతో ముడిపడ్డదైతే న్యాయశాఖ అభిప్రాయం తీసుకుంటారు. తర్వాత మంత్రి, ముఖ్యమంత్రి, కేబినెట్. చివరికి బయటికొచ్చే కాగితం మీద ‘గవర్నర్ ఆదేశానుసారం, గవర్నర్ పేరుతో’ అని ఉంటుంది. రాజ్యాంగం 166వ అధికరణం ప్రకారం ప్రతి జీవో అట్లాగే రావాలి. జీవో 9 కూడా గవర్నర్ పేరుతోనే వచ్చింది. మరి ఇదే 50 శాతం పరిమితి తీసేసే సవరణ బిల్లును ఆగస్టు 31న శాసనసభ పాస్ చేసి ఎవరికి పంపింది? అదే గవర్నర్‌కి. ఆ బిల్లు మీద సంతకం కాలేదు. సంతకం కాని బిల్లులో ఉన్న విషయమే ఆయన పేరుతో జీవోగా వచ్చేసింది. నేను సర్వీసులో ఉంటే ఈ ఫైలు మీద ఈ మాట రాసేవాణ్ణి.

అధికార పార్టీ ప్రతినిధి: సార్, అది అన్యాయమైన మాట. మేం దొడ్డిదారిన రాలేదు. మార్చి 17న రెండు బిల్లులు సభలో పాస్ చేశాం. గవర్నర్ రాష్ట్రపతికి పంపారు, ఢిల్లీలో కూర్చున్నాయి. జులైలో ఆర్డినెన్స్ పెట్టాం, అదీ ఢిల్లీకే పోయింది. ఆగస్టులో మళ్లీ బిల్లు పెట్టాం. హైకోర్టు ఏమో సెప్టెంబర్ 30 అంటోంది. ఏం చేయమంటారు?

మాజీ ఐఏఎస్: గడువు పెంచమని కోర్టుని అడగాల్సింది.

అధికార పార్టీ ప్రతినిధి: అడిగితే ఎన్నికలంటే భయమని ఇదే స్టూడియోలో అనేవాళ్లు!

యాంకర్: (నవ్వుతూ) అనేవాళ్లమేమో. కానీ నా ప్రశ్న అక్కడే ఉంది. మీరు ప్రభుత్వంలో ఉన్నారు. జీవో మీదే, బంద్‌కు మద్దతూ మీదే. ప్రభుత్వం ఎవరి మీద బంద్ చేస్తుంది? కోర్టు మీదేగా?

అధికార పార్టీ ప్రతినిధి: కోర్టు మీద కాదు. బిల్లులు తొక్కిపట్టిన కేంద్రం మీద.

యాంకర్: కానీ ఆపింది కోర్టు కదా?

బీసీ నేత: నేను చెప్తా. మీకు మీకు తగాదాలుంటే తర్వాత చూసుకోన్రి. 50 శాతం అని రాజ్యాంగంల ఎక్కడ రాసి ఉంది? చూపియ్యున్రి! 243డీల ఆరో క్లాజు ఏమంటది? బీసీలకు రిజర్వేషన్లు పెట్టే అధికారం రాష్ట్ర శాసనసభకు ఉన్నదంటది. అండ్ల 50 అనే అంకె ఉన్నదా? లేదు. గా 50 అనే గీత జడ్జీలు పెట్టిన్రు. మళ్ల అగ్రకులాల పేదలకు 10 శాతం ఇచ్చినప్పుడు గా 50 ఏమైంది? 2022ల సుప్రీంకోర్టే ఓకే అన్నది. అప్పుడు గీత జరిగింది, మా దగ్గరికొచ్చేసరికి గీత గోడ అయింది!

న్యాయవాది: సార్ మాటలో న్యాయం ఉంది, కానీ రెండు విషయాలు కలిపేస్తున్నారు. ఆ 10 శాతం, ఈడబ్ల్యూఎస్ కోటా, జీవోతో రాలేదు, 103వ రాజ్యాంగ సవరణతో వచ్చింది. అదీ చదువులు, ఉద్యోగాల వరకే. స్థానిక సంస్థలకు సంబంధించి 2010లో కృష్ణమూర్తి కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం...

బీసీ నేత: తెల్సు, తెల్సు. ట్రిపుల్ టెస్ట్.

న్యాయవాది: కృష్ణమూర్తి కేసు నుంచి తీసుకుని మూడు షరతులుగా విడదీసి చెప్పింది 2021లో మహారాష్ట్ర కేసులో. ప్రత్యేక కమిషన్ వేయాలి, స్థానిక సంస్థల వారీగా వెనుకబాటుతనం మీద అధ్యయనం చేయాలి, మొత్తం 50 దాటకూడదు. మొదటి రెండు చేశామని ప్రభుత్వం అంటోంది. మూడోది దాటింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనులకు తప్ప దానికి మినహాయింపు లేదు. అయిదుగురు జడ్జీలు చెప్పినదాన్ని హైకోర్టులో ఇద్దరు ఎట్లా కాదనగలరు? దాన్ని మార్చాలంటే ఇంకా పెద్ద ధర్మాసనం ముందుకు వెళ్లాలి, లేదా పార్లమెంటు...

బీసీ నేత: తమిళనాడుల 69 ఉన్నది! ముప్పై ఏండ్ల సంది నడుస్తున్నది. ఆడ రాజ్యాంగం వేరేనా?

యాంకర్: మంచి పాయింట్. తమిళనాడుకి ఒక న్యాయం, తెలంగాణకి ఒక న్యాయమా మేడమ్?

న్యాయవాది: తమిళనాడు ముందు చట్టం చేసింది. 1994లో 76వ సవరణతో అది చట్టాలకు కోర్టుల నుంచి రక్షణ ఇచ్చే తొమ్మిదో షెడ్యూల్‌లోకి వెళ్లింది. అదీ చదువులకు, ఉద్యోగాలకు సంబంధించిందే. తొమ్మిదో షెడ్యూల్‌లో పెట్టినా 1973 ఏప్రిల్ 24 తర్వాతివైతే కోర్టు పరిశీలించవచ్చని 2007లో తొమ్మిదిమంది జడ్జీలు చెప్పారు. బీహార్ చూడండి, కులగణన చేసింది, చట్టమే చేసింది, 65కి పెంచింది. 2024 జూన్‌లో పట్నా హైకోర్టు కొట్టేసింది. చట్టానికే ఆ గతి పడితే...

బీసీ నేత: అంటే ఏం చేసినా కొట్టేస్తరని మీరే ఒప్పుకుంటున్రు! విన్నరా ప్రేక్షకులు? జీవో ఇస్తే చట్టం లేదంటరు. చట్టం చేస్తే గవర్నర్ సంతకం లేదంటరు. సంతకం అయితే 50 దాటిందంటరు. మేం ఏ తలుపు కొట్టాలె?

(ఈ తర్వాత చాలాసేపు ఆయన ఒక్కరే మాట్లాడారు. న్యాయవాది రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశారు. అందులో ఎక్కువ భాగం ముందు చెప్పినదే. కొత్తగా చెప్పిన సంగతి ఒక్కటి కింద ఇస్తున్నాం.)

బీసీ నేత: ...గొల్లోల్లు, చాకలోల్లు, మంగలోల్లు, కుమ్మరోల్లు, వీళ్లల్ల ఎంతమంది సర్పంచులైన్రో చూడున్రి. జనరల్ సీట్ల నిలబడుమంటరు. జనరల్ సీట్ల నిలబడాల్నంటే పైసలు యాడికెల్లి రావాలె? ఊర్ల పంచాయితీ ఆఫీసుల కుర్చీ మీద కూసునుడు మామూలు ముచ్చట గాదు సార్. మా నాయిన తరంల గా ఆఫీసు గడప ఎక్కాల్నంటే చెప్పులు ఇడిసి ఎక్కిన్రు. 42 అంటే మాకు అంకె గాదు.

యాంకర్: ఇది చాలా బలమైన మాట. అంటే కోర్టులు క్షేత్రస్థాయి వాస్తవం చూడట్లేదంటారు?

మాజీ ఐఏఎస్: ఆయన చెప్పిన వాస్తవాన్ని నేనూ చూశాను, అందులో ఒక్క మాటా కాదనను. దాన్ని కోర్టు ముందు పెట్టాల్సింది ఎవరు? ప్రభుత్వం. మండలాల వారీగా, ఊళ్ల వారీగా ఆ లెక్క కమిషన్ నివేదికలో బలంగా ఉంటే కోర్టులో నిలబడే అవకాశం పెరుగుతుంది. కార్యనిర్వాహక అధికారం 162వ అధికరణంతో వస్తుంది, సరే. కానీ చట్టం మౌనంగా ఉన్నచోట జీవో మాట్లాడొచ్చు. చట్టం మాట్లాడినచోట జీవో దానికి ఎదురు చెప్పలేదు. 285ఏ కూడా మన శాసనసభ పెట్టుకున్నదే.

అధికార పార్టీ ప్రతినిధి: మేం తీసేశాం కదా సార్! సభ తీసేసింది. గవర్నర్ ఎన్నాళ్లు పెట్టుకుంటారు? తమిళనాడు గవర్నర్ కేసులో ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు గడువులు పెట్టింది, బిల్లులకు ఆమోదం లభించినట్టేనని చెప్పింది. అదే మాకూ వర్తించాలని వాదించాం.

న్యాయవాది: ఆ తీర్పు మీదే రాష్ట్రపతి ప్రశ్నలు వేశారు, అయిదుగురు జడ్జీలు వాదనలు విని సెప్టెంబర్‌లో జవాబును వాయిదా పెట్టారు. అభిప్రాయం ఇంకా రావాలి. పైగా అక్కడ సుప్రీంకోర్టు 142వ అధికరణం కింద తనకున్న ప్రత్యేక అధికారం వాడింది. మనంతట మనమే ‘మా బిల్లుకీ ఆమోదం వచ్చేసింది’ అనుకుని జీవో ఇచ్చేయడం...

అధికార పార్టీ ప్రతినిధి: అనుకోవడం కాదు మేడమ్...

బీసీ నేత: మీరిద్దరు గవర్నర్ దగ్గర్నే తిరుగుతున్రు! అధికార పార్టీ అన్నా, మిమ్మల్ని సూటిగ అడుగుతున్న. జీవో నిలవదని మీకు ముందే తెల్సా, తెల్వదా?

అధికార పార్టీ ప్రతినిధి: నిలుస్తుందనే ఇచ్చాం. మా చిత్తశుద్ధిని...

బీసీ నేత: తెల్సి ఇచ్చిన్రంటే మోసం. తెల్వక ఇచ్చిన్రంటే ఇంక ఘోరం. ఏదో ఒకటి చెప్పున్రి.

అధికార పార్టీ ప్రతినిధి: అట్లా రెండే దారులన్నట్టు పెట్టి అడిగితే ఎట్లా అన్నా? పెద్ద పెద్ద సీనియర్ లాయర్లతో వాదించాం, సుప్రీంకోర్టు దాకా వెళ్లాం.

యాంకర్: వెళ్తే అక్కడా కోర్టే ఆపింది. మళ్లీ నా ప్రశ్నకే వస్తున్నా. రేపటి బంద్ కోర్టు మీద ఒత్తిడి కాదా?

న్యాయవాది: ఆ ప్రశ్న నాలుగోసారి అడుగుతున్నారు. బంద్‌తో కోర్టు ఉత్తర్వు మారదు, మారకూడదు కూడా. కౌంటర్‌లో ఏం రాస్తారన్నదే ఇప్పుడు ముఖ్యం. పిటిషన్ కొట్టేసినా ఆ ప్రభావం లేకుండా హైకోర్టు కేసును తేల్చవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే దారి మూసుకుపోలేదు.

మాజీ ఐఏఎస్: నాకు ఒక్క నిమిషం కావాలి, ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. 2024 ఫిబ్రవరి నుంచి 12,700కు పైగా పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. ఒక్కో అధికారికి తన శాఖ పనికి తోడు ఊళ్లు అప్పగించారు. ట్రాక్టర్‌కు డీజిల్ పోయించాలంటే, వీధి లైటు మార్చాలంటే పంచాయతీ కార్యదర్శి జేబులోంచి పెట్టుకుంటున్నాడు. మాజీ సర్పంచులు చేసిన పనుల బిల్లుల కోసం తిరుగుతూనే ఉన్నారు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంట్లు రావు. ఆ సంఘం గడువు 2026 మార్చి 31తో అయిపోతుంది. ఆ డబ్బు ఊరి మోరీలకు, మంచినీళ్లకు. బీసీ పిల్లలు ఉండే వాడకు కూడా అదే డబ్బు.

యాంకర్: ముఖ్యమైన విషయమే సార్, దానిమీద విడిగా చర్చ పెడదాం...

మాజీ ఐఏఎస్: విడిగా కాదండీ. పాత రిజర్వేషన్లతో వెంటనే ఎన్నికలా, 42 తేలేదాకా ఆగడమా? ప్రభుత్వం దీనికి జవాబు చెప్పాలి.

అధికార పార్టీ ప్రతినిధి: కేబినెట్‌లో చర్చించి నిర్ణయం...

బీసీ నేత: నేను చెప్తా జవాబు! 42 లేకుంటే ఎన్నికలే వద్దు. ఇన్ని నెలలు ఆగినం, ఇంక ఆగుతం. గ్రాంట్లు పోతయని మమ్మల్ని బెదిరియ్యొద్దు. గ్రాంట్లు ఇచ్చేది ఢిల్లీ, బిల్లు ఆపింది ఢిల్లీ. రెండూ వాళ్ల చేతుల్నే ఉన్నయ్.

మాజీ ఐఏఎస్: నేను బెదిరించట్లేదు, ఊళ్లో...

బీసీ నేత: పెద్దమనిషి మీరు, మీ మీద గౌరవమున్నది. కానీ గీ ‘ముందు ఎన్నికలు, తర్వాత వాటా’ అనే మాట మేం డెబ్బై ఏండ్ల సంది వింటున్నం.

యాంకర్: ‘ముందు ఎన్నికలు, తర్వాత వాటా’. ఇదే ఇవాళ్టి మాట. స్క్రీన్ మీద వేయండి. లాయర్ మేడమ్, చివరగా అర నిమిషం. కోర్టు బీసీల ఆవేదనను...

న్యాయవాది: నాకు మొదట్లో ఇస్తానన్న సమయమే పూర్తికాలేదు. చివరగా ఒకటే అడుగుతాను, పార్టీ ప్రతినిధిగారిని. అన్ని పార్టీలూ రేపు రోడ్డు మీదికి వస్తున్నాయి. ఇదే పార్టీల ఎంపీలు అందరూ కలిసి రాజ్యాంగ సవరణ కోసం పార్లమెంటులో ఒక్క తీర్మానం...

బీసీ నేత: అడుగుతం, ఎంపీలను గూడ అడుగుతం! రేపు డిపోల ముంగట కూసుంటం, బస్సు కదలది. దుకాణాలోల్లకు దండం పెట్టి చెప్తున్నం, బంద్ పెట్టున్రి. దవాఖాన్లకు పోయేటోల్లను ఎవ్వరూ ఆపొద్దు, మా కార్యకర్తలకు గది గట్టిగ చెప్పినం...

యాంకర్: సమయం అయిపోయింది. సార్... సార్, సమయం...

బీసీ నేత: ...కేబినెట్ల ఏం చేస్తరో మాకు తారీఖు చెప్పాలె. అన్నా, తారీఖు చెప్పున్రి!

అధికార పార్టీ ప్రతినిధి: తారీఖు నేనిక్కడ చెప్పలేను అన్నా, కేబినెట్...

(ప్రసారం ఇక్కడితో ఆగింది.)