ముందు తూచండి, తర్వాత రంగు వేయండి

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. పేరుపేరునా చెబితే భోజనాల వేళ అవుతుంది, క్షమించాలి.

నాకిచ్చిన అంశం ‘హోవర్‌క్రాఫ్ట్: చరిత్ర, భవిష్యత్తు’. కింద గాలి పరుపు మీద తేలుతూ నేల మీదా నీటి మీదా పోయే బండి అది. రాసుకునే వచ్చాను. కానీ పొద్దున వర్క్‌షాపులో మీరు చేసిన అలాంటి బండి చూపించారు. అప్పటి నుంచి నా ధ్యాసంతా దాని వెనక, బండిని ముందుకు నెట్టే ఫ్యాను చుట్టూ ఉన్న డక్టు మీదే, అంటే ఆ గుండ్రటి గాలి గొట్టం మీదే. ఈ కాగితాలు పక్కన పెడతాను.

బాబూ, అది డక్టు కాదు. ఫ్యాను చుట్టూ చుట్టిన రేకు.

విడిగా తిరిగే ఫ్యాను నెట్టిన గాలి వెనక్కి పోనుపోను సన్నబడుతుంది. లెక్క ప్రకారం ఫ్యాను వైశాల్యంలో సగానికి వస్తుంది. చుట్టూ సరైన డక్టు ఉంటే అలా సన్నబడదు. అదే ఇంజను, అదే శక్తి, బండి నిలబడి ఉండగా కాగితం మీద 26 శాతం ఎక్కువ థ్రస్ట్, అంటే నెట్టే బలం. ఆ ఎక్కువంతా ఎక్కడిది? మూతిది! ముందు అంచు సన్నాయి మూతిలా గుండ్రంగా బయటికి తిరిగి ఉంటే గాలి దాని మీదుగా వేగంగా లోపలికి జారుతుంది. అక్కడ పీడనం తగ్గి, డక్టు తనే బండిని ముందుకు లాగుతుంది. మీ రేకు అంచు కత్తిలా ఉంది. గాలి అక్కడ తిరగలేక సుడులు పడుతుంది, రెక్కల కొసలు ఆ సుడుల్లో కొట్టుకుంటాయి. మోత పెరుగుతుంది. ఆ మోతే బలమనుకుంటాం మనం.

ఎంత బలముందో తూచారా? వెనక నుంచి ఎవరో నవ్వారు. తూచలేదన్నమాట.

1955 ప్రాంతంలో ఇంగ్లండులో, హోవర్‌క్రాఫ్ట్ కనిపెట్టిన క్రిస్టఫర్ కాకరెల్ ఏం చేశాడు? పిల్లి తిండి డబ్బాను కాఫీ డబ్బాలో పెట్టి, బ్లోయరుతో గాలి కొట్టి, వంటింటి తక్కెడ మీద తూచాడు. ఒక్క డబ్బా కన్నా రెండు డబ్బాల సందులోంచి వచ్చే గాలి ఎక్కువ నెడుతోందని తక్కెడే చెప్పింది. ఆ ఆలోచన చూపిస్తే నౌకాదళం ఇది విమానం అందట, వైమానిక దళం పడవ అందట, సైన్యానికి ఆసక్తే లేదట. ఆయనే చెప్పుకునేవాడు. 1959 జులై 25న ఆయన ఆలోచనతో చేసిన హోవర్‌క్రాఫ్ట్ ఎస్‌ఆర్‌ఎన్1 ఫ్రాన్స్‌లోని కాలే నుంచి ఇంగ్లండులోని డోవర్‌కు ఇంగ్లిష్ ఛానల్ దాటింది. కనిపెట్టిన పెద్దమనిషి కూడా అందులోనే ఉన్నాడు. ఎందుకు? బరువు సర్దడానికి!

నేనొకసారి ఒక పోటీకి వెళ్ళాను. ఎక్కడో చెప్పను. జడ్జీలు రంగు చూశారు, స్టిక్కర్లు చూశారు, లైట్లు చూశారు. ఒక మూల కొందరు పిల్లలు రంగు కూడా వేయని డక్టుతో, స్ప్రింగ్ త్రాసు రీడింగులు రాసుకున్న నోటుబుక్కుతో నిలబడ్డారు. వాళ్ళ దగ్గర ఒక్కరూ ఆగలేదు. ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సరే, ఎలా చేయాలి? ప్లైవుడ్ రింగులు కోసి, మధ్యలో థర్మోకోల్ ముక్కలు పేర్చండి. ఫ్యాను ఇరుసుకే ఒక కర్ర బిగించి, కొసకు గరుకు కాగితం అంటించి చేత్తో తిప్పుతూ లోపలివైపు అరగదీయండి. అప్పుడు వలయం ఇరుసుకు సరిగ్గా కుదురుతుంది. రేకు చుడితే కోడిగుడ్డు ఆకారం వస్తుంది. 900 మిల్లీమీటర్ల వ్యాసమున్న మీ ఫ్యానుకు కొస దగ్గర సందు 3, 4 మిల్లీమీటర్లు చాలు. ఇంజను, డక్టు ఒకే ఫ్రేముకు బిగించండి, లేకపోతే వణుకుకి ఆ సందు కాస్తా పోతుంది. పైన గాజు నార పరుపు, అంటే ఫైబర్ మ్యాట్ వేసేటప్పుడు దాన్ని అంటించడానికి మామూలు పాలియెస్టర్ జిగురు, అదే జీపీ రెజిన్ వాడకండి, థర్మోకోల్ కరిగిపోతుంది. ఎపాక్సీ రెజిన్ ఖరీదే, అయినా అదే వాడాలి.

ఇంకొకటి, ఇది బతిమాలుతున్నాను. ఆ ఫ్యాను 3,000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే రెక్క కొస సెకనుకు 141 మీటర్ల వేగంతో పోతుంది. విరిగిన ముక్క ఎటు పోతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు. మీ డక్టుకు ముందూ లేదు, వెనకా లేదు జాలీ. ప్రిన్సిపాల్ గారూ, మధ్యాహ్నం డెమో అన్నారు కదా, ఇవ్వాళ వద్దండీ. రెండు వైపులా జాలీ బిగించాక పెట్టుకుందాం. కావాలంటే రేపు కూడా ఉంటాను.