కనబడలేదు అని రాయడం

శ్రోతలకు నమస్కారం. మడగాస్కర్ తూర్పు అడవుల్లో పొద్దు పొడిచాక ఒక కూత వినబడుతుంది. దూరం నుంచి వింటే, ఎవరో శంఖం పూరిస్తూ నడుమ నడుమ ఏడుస్తున్నారా అనిపిస్తుంది. అది ఇంద్రి అనే లెమూర్ కుటుంబం పాడుకొనే పాట. లెమూర్ అంటే చెట్ల మీద బతికే, కోతులకు చుట్టమైన జంతువు. ఆడా మగా, ఎదిగిన పిల్లలూ గొంతు కలుపుతారు. రెండు కిలోమీటర్ల అవతల ఉన్న మరో కుటుంబం కూడా ఆ పాట వింటుంది.

లెమూర్లకు పుట్టిల్లు మడగాస్కర్ ఒక్కటే. మన శేషాచలం, నల్లమల అడవుల్లోని దేవాంగపిల్లి వాటికి దూరపు చుట్టం. 2020లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య వేసిన లెక్కలో 107 లెమూర్ జాతులకు 103 ముప్పులో ఉన్నాయి. వాటిలో 33 అంతరించే అంచుకు చేరాయి, ఇంద్రి వాటిలో ఒకటి. మన ఏజెన్సీల్లో పోడు అన్నట్టే అక్కడ తావి అంటారు. అడవి నరికి కాల్చి వరి చల్లుతారు. బొగ్గు బట్టీలు, వేట కూడా తోడయ్యాయి. అయితే ఆకలితో ఉన్న రైతును నిందించి ఊరుకోవడం నాకు న్యాయంగా తోచదు.

ఒక అక్టోబరులో, రాజధాని అంటనానరివోకు తూర్పున ఉన్న అందాసిబె అడవిలో, ఇంద్రి కుటుంబాలను గమనించే బృందంతో స్వచ్ఛందంగా కొన్నాళ్లు పనిచేశాను. స్వచ్ఛంద సేవ అనగానే లెమూర్‌ను ఎత్తుకొని ఫొటో దిగడం అనుకొనేవారున్నారు. తాకకూడదు, మేత పెట్టకూడదు, జలుబు చేస్తే గుడారం దాటకూడదు. చేతిలో గడియారం, అట్టకు బిగించిన కాగితం, పెన్సిలు. వానలో పెన్ను పనికిరాదు. అయిదు నిమిషాలకొకసారి తలెత్తి చూసి, ఏ జంతువు ఏం చేస్తోందో రాయాలి. ఇంద్రి ఆకులు తిని బతికే జీవి కనుక గంటల తరబడి కొమ్మను కరచుకొని కూర్చుంటుంది. నా కాగితం నిండా విశ్రాంతి, విశ్రాంతి, మళ్లీ విశ్రాంతి. మెడ పట్టేసింది, మేజోళ్లలో జలగలు దూరాయి.

ఒక ఉదయం తల్లి వీపు మీద నాలుగైదు నెలల పిల్ల ఉంది. ఇంద్రి రెండు మూడేళ్లకొకసారే ఈనుతుంది. అందుకే ఆ కుటుంబానికి ఆ పిల్ల ఎంత ముఖ్యమో మా కాగితానికీ అంతే ముఖ్యం. తొమ్మిదింటికి తల్లి దట్టమైన కొమ్మల్లోకి జరిగింది. దాని భుజం, ఒక చెవి తప్ప ఇంకేమీ కనిపించలేదు. తొమ్మిదీ అయిదుకు గడిని ఖాళీగా వదిలేశాను. తొమ్మిదీ పదికి, పిల్ల ఎక్కడికి పోతుందిలే అని, ‘తల్లి వీపు మీద’ అని రాయబోయాను. మాకు దారి చూపే స్థానిక గైడు, ఆ కుటుంబాన్ని ఏళ్ల తరబడి ఎరిగినవాడు, పెన్సిలు మీద వేలు పెట్టి, “చూశారా?” అని అడిగాడు. లేదన్నాను. “అయితే కనబడలేదని రాయండి, ఆ ఖాళీ గడిలో కూడా రాయండి” అన్నాడు.

ఆ తేడా గురించే ఈ కాస్త సమయంలో చెప్పదలచుకున్నాను. ఖాళీ గడిని చూసిన వారికి, మనం చూశామో, మరచిపోయామో, నిద్రపోయామో తెలియదు. ఊహించి రాసిన గడి ఇంకా ప్రమాదకరం: పిల్ల నిజంగా పోయిన రోజున కూడా కాగితంలో అది తల్లి వీపు మీదే ఉంటుంది. కనబడలేదు అన్న మాట మాత్రం, ఒక మనిషి ఆ నిమిషాన తలెత్తి వెతికాడని చెబుతుంది. అడవికే వెళ్లనక్కరలేదు, మీ ఊరి చెరువు దగ్గర కొంగలను లెక్కపెట్టినా, ఏమీ రాని రోజున తేదీ, సమయం వేసి సున్నా రాయండి.

ఆ ఉదయం పిల్ల గడుల్లో ‘కనబడలేదు’ అని ఏడు సార్లు పడింది. తొమ్మిదీ నలభైకి తల్లి కొమ్మ మారింది. వీపు మీది పిల్ల మా వైపు తల తిప్పి చూసింది. గైడు ఏమీ అనలేదు, గడియారం చూపించాడు. నేను సమయం రాశాను.